వీల్ లోడర్ హైడ్రాలిక్ స్టీరింగ్: పనితీరు, పరీక్ష, మరమ్మతు - సమగ్ర మార్గదర్శి

లారీలో స్టీరింగ్ చక్రం నుంచి ముందు టైర్ల దాకా షాఫ్టు, గేర్‌బాక్సు, రాడ్లు వరసగా ఉంటాయి కాబట్టి, పవర్ స్టీరింగ్ పనిచేయకపోయినా ఆ ఇనుప లంకె తెగదు. చేతులు పడిపోయినంత పనైనా బండి తిరుగుతుంది. బకెట్‌తో బరువులు ఎత్తే, ముందు వెనుక రెండు భాగాలుగా ఉండి నడుము దగ్గర మడుచుకుంటూ మలుపు తిరిగే టైర్ల యంత్రమైన వీల్ లోడర్‌లో ఆ లంకె అసలు లేదు. స్టీరింగ్ కాలమ్ కేబిన్ అడుగున ఉన్న ఒక వాల్వు దగ్గర ఆగిపోతుంది, అక్కడి నుంచి ముందుకు పోయేది ఆయిల్ ఒక్కటే. చీమకుర్తి క్వారీల్లో ఫోర్కుల మీద ఇరవై టన్నుల గ్రానైట్ దిమ్మెను ఎత్తుకుని నిలబడిన లోడర్‌ను ఆపరేటర్ ఎడమ చేత్తో, చక్రం మీది గుండ్రటి పిడిని పట్టుకుని తిప్పేస్తాడు. ఆ చేయి పెడుతున్న బలం రెండు మూడు కిలోలకు మించదు. నేల మీద కదలకుండా నిలిచిన టైర్లను ఈడ్చి, యంత్రాన్ని నడుము దగ్గర మడిచే బలమంతా పంపుది. ఎంత మడవాలో చెప్పడం వరకే చేతి పని.

ఈ వ్యవస్థను అర్థం చేసుకోవడానికీ, చెడినప్పుడు లోపం పట్టుకోవడానికీ ఒకే ప్రశ్న చాలు. చక్రాన్ని తిప్పినప్పుడు కొలిచి పంపిన ఆయిల్ మొత్తం సిలిండర్లకు చేరిందా, చేరకపోతే దారిలో ఎక్కడ తప్పిపోయింది? ఈ ప్రశ్న వేసుకోకుండా, స్టీరింగ్ బరువైందని వినగానే ఖరీదైన వాల్వును మార్చేయడం మన వర్క్‌షాపుల్లో తరచుగా జరిగే పని. చాలాసార్లు ఆ డబ్బు దండగ అవుతుంది.

ఆయిల్ నడిచే దారి

ట్యాంకు నుంచి ఆయిల్‌ను పంపు లాగి ప్రయారిటీ వాల్వుకు అందిస్తుంది. ప్రయారిటీ వాల్వు దాన్ని రెండు దారులుగా విడదీసి, ఒకదాన్ని స్టీరింగ్ వాల్వుకూ, మిగిలినదాన్ని బకెట్‌నూ, దాన్ని మోసే చేయి అయిన బూమ్‌నూ ఎత్తే వాల్వుకూ పంపుతుంది. స్టీరింగ్ వాల్వు నుంచి రెండు హోసులు సిలిండర్లకు వెళ్తాయి. ఒక వైపు ఆయిల్ వెళ్తున్నప్పుడు రెండో వైపు ఆయిల్ అదే వాల్వు గుండా వెనక్కి వచ్చి, ఫిల్టరు దాటి ట్యాంకులో పడుతుంది. పంపు వైపు రంధ్రానికి పి, ట్యాంకు వైపుకు టి, ఎడమకు ఎల్, కుడికి ఆర్ అని వాల్వు పోతమీదనే అచ్చువేసి ఉంటుంది. లోడ్ సెన్సింగ్ రకమైతే, స్టీరింగ్‌కు ఎంత ప్రెషర్ కావాలో ప్రయారిటీ వాల్వుకు తెలియజేసే ఎల్‌ఎస్ అనే సన్నని ఐదో దారి కూడా కనిపిస్తుంది. చేయి వేసే ముందు మీ యంత్రంలో ఈ ఐదింటినీ వేలు పెట్టి చూపగలగాలి. కాగితం మీద ఒక గీత బొమ్మ వేసుకుని హోసు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాసుకుంటే, సర్వీసు పుస్తకంలోని సర్క్యూట్ బొమ్మ కూడా అప్పుడే అర్థమవుతుంది.

ఆర్బిట్రాల్ లోపల ఏం జరుగుతుంది

మెకానిక్కులంతా ఆర్బిట్రాల్ అని పిలిచే స్టీరింగ్ వాల్వు ఈ వ్యవస్థకు గుండెకాయ. ఆ పేరు మొదట అమెరికాలోని చార్-లిన్ కంపెనీ వాల్వుకు పెట్టుకున్న వ్యాపార నామం. చార్-లిన్ తర్వాత ఈటన్ చేతికి వెళ్ళింది, ఈటన్ హైడ్రాలిక్స్ వ్యాపారాన్ని 2021లో డాన్‌ఫాస్ కొన్నది. కాబట్టి విడిభాగం కొనేటప్పుడు పేరు చెప్పి అడగడం కంటే, వాల్వు మీది ప్లేటులో ఉన్న నంబరు, ఒక చుట్టుకు ఎన్ని సీసీల ఆయిల్ ఇస్తుందన్న అంకె, చక్రం కదలనప్పుడు పంపు ఆయిల్‌ను ట్యాంకుకు వదిలేసే ఓపెన్ సెంటరా, దాన్ని ఆపేసే క్లోజ్డ్ సెంటరా, లోడ్ సెన్సింగా అన్న వివరం చెప్పి అడగడం క్షేమం. ఒకదానికి బదులు ఇంకొకటి బిగిస్తే బోల్టులు సరిగ్గానే కూర్చుంటాయి, స్టీరింగ్ మాత్రం పనిచేయదు.

దాని లోపల రెండు పనిముట్లు కలిసి ఉంటాయి. మొదటిది దారి మళ్ళించేది, రెండోది కొలిచేది.

దారి మళ్ళించేది స్పూల్, స్లీవ్ అనే రెండు గొట్టాల జత. స్పూల్ లోపల ఉంటుంది, స్లీవ్ దాని చుట్టూ తొడుగులా ఉంటుంది, రెంటిమధ్యా ఖాళీ వెంట్రుక మందం కన్నా ఎంతో తక్కువ. స్టీరింగ్ కాలమ్ నేరుగా స్పూల్‌ను తిప్పుతుంది. స్లీవ్‌లో అడ్డంగా దూర్చిన పిన్ను స్పూల్‌లోని కాస్త పెద్ద రంధ్రాల గుండా వెళ్తుంది కాబట్టి, స్లీవ్ కదలకుండానే స్పూల్ కొన్ని డిగ్రీలు తిరగగలదు. ఆ కొద్ది తేడాతోనే రెంటిలోని గాడులూ రంధ్రాలూ ఒకదానికొకటి ఎదురై, ఎడమ దారో కుడి దారో తెరుచుకుంటుంది. చేయి వదిలితే పలచటి బద్ద స్ప్రింగులు రెంటినీ మళ్ళీ నడిమధ్యకు తెచ్చి దారులు మూస్తాయి.

కొలిచేది జెరోటర్. ఆరు పళ్ళున్న ఒక నక్షత్రం, ఏడు గుంటలున్న స్థిరమైన రింగులో తిరుగుతుంది. ఆ నక్షత్రాన్నే స్టార్ అంటారు. స్టార్ తన చుట్టూ తాను ఒక్కసారి తిరిగేలోగా దాని కేంద్రం రింగు మధ్యభాగం చుట్టూ ఎదురు దిశలో ఆరుసార్లు పరిభ్రమిస్తుంది. ప్రతి పరిభ్రమణంలో ఏడు గదులూ ఒకసారి నిండి ఒకసారి ఖాళీ అవుతాయి కాబట్టి, చక్రాన్ని ఒక్క చుట్టు తిప్పితే 42 గదుల ఆయిల్ కొలిచి బయటికి పోతుంది. చుట్టుకు 800 సీసీల వాల్వులో ఒక్కో గది వాటా సుమారు 19 సీసీలు. అరచేయంత రింగులో ఇంత ఆయిల్ ఎలా పడుతుందన్న సందేహానికి ఈ పరిభ్రమణమే జవాబు.

ఇప్పుడు ఈ రెండూ కలిసి చేసే పని చూడండి. మీరు చక్రం తిప్పారు, స్పూల్ కదిలింది, దారి తెరుచుకుంది, పంపు ఆయిల్ స్లీవ్ దాటి జెరోటర్‌లోకి దూకింది. ఆయిల్ తోసిన తోపుకు స్టార్ తిరుగుతుంది; స్టార్‌కు కార్డాన్ షాఫ్టు అనే కడ్డీ ద్వారా బిగించిన స్లీవ్ కూడా అదే దిశలో, అదే వేగంతో తిరుగుతుంది. అంటే స్లీవ్ ఎప్పుడూ స్పూల్‌ను వెంబడిస్తూ, తెరిచిన దారిని మూయడానికి ప్రయత్నిస్తూనే ఉంటుంది. మీరు తిప్పుతున్నంతసేపు స్పూల్ ఆ కొద్ది డిగ్రీల ఆధిక్యం నిలుపుకుంటుంది, ఆయిల్ పారుతుంది. మీరు ఆపిన మరుక్షణం స్లీవ్ స్పూల్‌ను అందుకుంటుంది, దారి మూసుకుంటుంది. వేగంగా తిప్పితే వేగంగా, నిదానంగా తిప్పితే నిదానంగా, ఆపితే ఆగేలా యంత్రం మడవడానికి కారణం ఈ వెంబడింపే. ఎలక్ట్రానిక్స్ ఏవీ లేకుండా ఒక యంత్రభాగం తన పనిని తానే సరిచూసుకునే ఏర్పాటు ఇది, నా దృష్టిలో భారీ యంత్రాలన్నిటిలోకీ ఇంత పొందికైన భాగం మరొకటి లేదు.

నడుము దగ్గర మడిచే లోడర్లలో సాధారణంగా నాన్-రియాక్షన్ రకం వాడతారు. చక్రం కదలనప్పుడు ఎల్, ఆర్ దారులు రెండూ మూసుకుని ఉంటాయి కాబట్టి టైరు రాయికి తగిలిన దెబ్బ చేతికి తెలియదు. అదే కారణంగా మలుపు తిరిగాక చక్రాన్ని వదిలేస్తే యంత్రం తనంతట తాను నేరుగా కాదు. ఆపరేటరే వెనక్కి తిప్పాలి. లారీ నుంచి లోడర్‌కు మారిన డ్రైవర్లు మొదట తడబడేది ఇక్కడే. అలాగే చక్రం మీది పిడి, యంత్రం నేరుగా ఉన్నప్పుడల్లా ఒకేచోట ఉండదు, రోజు గడిచేకొద్దీ కొద్దికొద్దిగా జరుగుతుంటుంది. జెరోటర్‌లో ఎప్పుడూ ఉండే స్వల్పమైన లోపలి లీకు వల్ల అది సహజం, దాన్ని లోపంగా భావించి వాల్వు విప్పకూడదు.

సిలిండర్లు, వాటి లెక్క

యంత్రం నడుము దగ్గర, సెంటర్ పిన్నులకు అటూ ఇటూ ఒక్కో సిలిండర్ వెనుక చాసిస్‌నూ ముందు చాసిస్‌నూ కలుపుతుంది. ఎడమకు మడవాలంటే కుడి సిలిండర్ సాగాలి, ఎడమ సిలిండర్ ముడుచుకోవాలి. అందుకే ఎల్ హోసు నుంచి వచ్చే ఆయిల్ కుడి సిలిండర్ వెనుక భాగానికీ, ఎడమ సిలిండర్ రాడ్డు వైపు భాగానికీ ఒకేసారి అందేలా హోసులను అడ్డంగా మార్చి కలుపుతారు. రాడ్డు మందం వల్ల ఆ వైపు వైశాల్యం తగ్గినా, రెండు దిశల్లోనూ ఒక పెద్ద వైశాల్యం, ఒక చిన్న వైశాల్యం కలిసి పనిచేస్తాయి కాబట్టి ఎడమకూ కుడికీ బలంలో తేడా రాదు.

ఉదాహరణకు సిలిండర్ బోరు (లోపలి వ్యాసం) 80 మి.మీ., రాడ్డు 45 మి.మీ., స్ట్రోకు (రాడ్డు నడిచే దూరం) 400 మి.మీ. అనుకుందాం. పిస్టన్ వెనుక వైశాల్యం 50.3 చదరపు సెం.మీ., రాడ్డు వైపు 34.4 చదరపు సెం.మీ. ప్రెషర్ 175 బార్ అయితే మొదటిది దాదాపు 9 టన్నులు తోస్తుంది, రెండోది 6 టన్నులకు పైగా లాగుతుంది, రెండూ కలిపి 15 టన్నులు. ఒక కొస నుంచి మరో కొసకు మడవడానికి కావలసిన ఆయిల్ 3.4 లీటర్లు. చుట్టుకు 800 సీసీల ఆర్బిట్రాల్‌తో ఇది నాలుగుంపావు చుట్లు. మీ యంత్రం కొలతలతో ఈ లెక్క ఒకసారి వేసి గోడమీద రాసి పెట్టుకోండి. నాలుగుంపావు చుట్లకు రావలసింది ఆరు చుట్లకు వస్తుంటే, కొలిచిన ఆయిల్‌లో మూడో వంతుకు దగ్గరగా దారిలో పోతోందని విప్పకుండానే తెలిసిపోతుంది. ఖర్చు లేని పరీక్ష ఇది, పరికరం కూడా అక్కర్లేదు.

ప్రయారిటీ వాల్వు

ఒకే పంపు స్టీరింగ్‌నూ బకెట్‌నూ నడిపే యంత్రంలో, ఆపరేటర్ బూమ్ ఎత్తుతూనే మలుపు తిప్పితే ఆయిల్ ముందు ఎవరికి చెందాలన్నది ప్రాణాలతో కూడిన ప్రశ్న. ప్రయారిటీ వాల్వులోని స్పూల్‌కు ఒక వైపు స్ప్రింగు, ఎల్‌ఎస్ ప్రెషర్ కలిసి తోస్తాయి, ఇంకో వైపు స్టీరింగ్ లైను ప్రెషర్ తోస్తుంది. చక్రం కదలనప్పుడు ఎల్‌ఎస్‌లో ప్రెషర్ ఉండదు, స్ప్రింగు ఓడిపోతుంది, ఆయిలంతా బూమ్ వైపుకు వెళ్తుంది. చక్రం తిరగగానే ఎల్‌ఎస్‌లో ప్రెషర్ పెరిగి స్ప్రింగుకు తోడవుతుంది, స్పూల్ జరిగి స్టీరింగ్‌కు కావలసినంత ఆయిల్ ముందు ఇస్తుంది, మిగిలినదే బూమ్‌కు. ఇదంతా ఒక సన్నని ఎల్‌ఎస్ గొట్టం మీదా, అందులోని సూదిమొన రంధ్రం మీదా ఆధారపడి ఉంది. అందులో ఒక సీల్ ముక్క ఇరుక్కుంటే చాలు, పంపు కొత్తదైనా స్టీరింగ్ మొరాయిస్తుంది.

ఇంజిన్ ఆగిపోతే

ఇంజిన్ ఆగితే పంపు ఆగుతుంది. అప్పుడు చక్రాన్ని తిప్పితే జెరోటర్ చేతిపంపుగా మారుతుంది: పి, టి దారుల మధ్య ఉన్న చెక్ బాల్ తెరుచుకుని, ట్యాంకు ఆయిల్‌ను తిరిగి లోపలికి లాగి సిలిండర్లకు పంపుతుంది. వినడానికి భరోసాగా ఉంటుంది గానీ లెక్క వేస్తే ఆ భరోసా ఎంతో తెలుస్తుంది. చుట్టుకు 160 సీసీల చిన్న వాల్వులో 10 బార్ ప్రెషర్ పుట్టించడానికి సుమారు 25 న్యూటన్ మీటర్ల టార్క్ కావాలి, 40 సెం.మీ. వ్యాసమున్న చక్రం అంచున అది 13 కిలోల బలం. ట్రాక్టరుకు అది సరిపోవచ్చు. 800 సీసీల వాల్వులో అదే 10 బార్‌కు 127 న్యూటన్ మీటర్లు, అంటే అంచున 65 కిలోలు కావాలి, వచ్చేది మాత్రం 175లో 10 బార్ మాత్రమే. వాలు రోడ్డు మీద దిగుతున్న బరువైన లోడర్‌ను అది ఆదుకోలేదు. అందుకే పెద్ద యంత్రాల్లో చక్రాల భ్రమణంతో తిరిగే పంపో, బ్యాటరీతో నడిచే పంపో అత్యవసర స్టీరింగ్ కోసం విడిగా ఉంటుంది. టైర్ల యంత్రాల స్టీరింగ్‌కు సంబంధించిన ఐఎస్ఓ 5010 ప్రమాణం ఈ అత్యవసర సామర్థ్యాన్ని కూడా కొలుస్తుంది. డ్యాష్‌బోర్డులో దాని దీపం వెలగడం లేదని బల్బు పీకేసిన యంత్రాలు చూశాను. ఆ బల్బు స్థానంలో కొత్తది పెట్టేదాకా యంత్రాన్ని వాలు మీదకు పంపకూడదు.

పరీక్షకు ముందు

యంత్రాన్ని చదునైన నేల మీద నేరుగా నిలిపి, బకెట్‌ను నేలకు ఆనించి, పార్కింగ్ బ్రేకు వేసి, టైర్లకు అడ్డు పెట్టాలి. నడుము దగ్గర పనిచేసేటప్పుడు రెండు చాసిస్‌లను కలిపే లాక్ బార్‌ను తప్పనిసరిగా బిగించాలి. యంత్రం మడిచినప్పుడు ఆ సందులో మనిషికి చోటు మిగలదు. స్టీరింగ్ తిప్పి చూడవలసిన పరీక్షల్లో మాత్రమే బార్ తీసి, ఆ సమయంలో ఎవరూ ఆ సందు దరిదాపుల్లో లేకుండా చూసుకోవాలి.

ఇంజిన్ ఆపాక చక్రాన్ని రెండు వైపులా కొన్నిసార్లు తిప్పితే లైన్లలో నిలిచిన ప్రెషర్ దిగుతుంది. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల్లో తిరిగే 100 టన్నుల తరగతి డంపర్ల వంటి వాటిలో కథ వేరు: ముందు చక్రాలు తిరిగే ఆ బండ్లలో చాలావాటికి నైట్రోజన్ నింపిన అక్యుములేటర్ ఉంటుంది, ఇంజిన్ ఆగినా అది పూర్తి ప్రెషర్‌ను పట్టి ఉంచుతుంది. పుస్తకంలో చెప్పిన పద్ధతిలో దాన్ని ఖాళీ చేసి, చక్రం తిప్పినా టైర్లు కదలడం లేదని నిర్ధారించుకున్నాకే హోసు విప్పాలి. అక్యుములేటర్‌లో నైట్రోజన్ తప్ప మరేదీ నింపకూడదు, ఆక్సిజన్ నింపితే అది పేలుతుంది.

లీకు ఎక్కడుందో వెతకడానికి చేయి పెట్టవద్దు, అట్టముక్క పెట్టండి. సూది రంధ్రం నుంచి చిమ్మే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించి మొదట నొప్పి కూడా తెలియదు, కొన్ని గంటల్లో వేలు పోయే పరిస్థితి వస్తుంది. అలా జరిగితే వెంటనే శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికి వెళ్ళి, ప్రెషర్‌తో ఆయిల్ లోపలికి పోయిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి.

మొదటి దశ: ఆయిల్, గాలి, ఇనుము

ముందు ట్యాంకు చూడాలి. ఆయిల్ తగ్గిందా, పాలలా తెల్లబడిందా, నురగ కట్టిందా? తెల్లదనం నీటి గుర్తు, నురగ గాలి గుర్తు. పంపు సక్షన్ హోసు క్లాంపు వదులైతే ఆయిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే నేల పొడిగా ఉన్నా స్టీరింగ్ కుదుపులతో తిరుగుతుంది. ఫిల్టరును కోసి మడతలు విప్పి వెలుతురులో చూడండి. ఇత్తడి మెరుపు కనిపిస్తే పంపు భాగాలు అరుగుతున్నాయి, నల్లటి రబ్బరు ముక్కలు కనిపిస్తే ఏదో సీల్ తెగింది. మన వేసవిలో క్వారీల్లో ఆయిల్ వేడెక్కి పలచబడుతుంది కాబట్టి, కంపెనీ అనుమతించిన చిక్కదనం గ్రేడుల్లో వీజీ 46, వీజీ 68 రెండూ ఉంటే ఎండాకాలానికి ఏది సరిపోతుందో పుస్తకంలోని ఉష్ణోగ్రత పట్టిక చూసి నిర్ణయించుకోవాలి.

తర్వాత ఇనుము. సహాయకుణ్ని చక్రాన్ని కొద్దిగా అటూ ఇటూ ఆడించమని, మీరు దూరంగా నిలబడి సిలిండర్ కొసల పిన్నులనూ సెంటర్ పిన్నులనూ గమనించండి. రాడ్డు కదిలి చాసిస్ కదలకపోతే ఆ తేడా పిన్నుల చుట్టూ ఉండే బుష్‌ల అరుగుదల, హైడ్రాలిక్స్‌కు దానితో సంబంధం లేదు. దుమ్ములో పనిచేసే యంత్రానికి గ్రీజు ఒక్క వారం తప్పినా ఈ బుష్‌లు ముందు పోతాయి. స్టీరింగ్‌లో ప్లే ఎక్కువైందన్న ఫిర్యాదుల్లో చాలాభాగం ఇక్కడే తేలిపోతుంది.

రెండో దశ: చుట్లు లెక్కపెట్టడం

ఆయిల్ పనిచేసే వేడికి వచ్చాక, లాక్ బార్ తీసి, ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి, ఒక కొస నుంచి మరో కొసకు తిప్పుతూ చుట్లు లెక్కపెట్టి, ముందు వేసిన లెక్కతో పోల్చండి. ఇదే పరీక్షను ఇంజిన్ ఎక్కువ ఆర్‌పీఎంలో మళ్ళీ చేయండి. ఐడిల్‌లో బరువుగా, ఎక్కువ ఆర్‌పీఎంలో తేలికగా ఉంటే అనుమానం పంపు మీదకు వెళ్ళాలి. కారణం తేలికైన లెక్క: పంపు లోపలి లీకు ప్రధానంగా ప్రెషర్ మీద ఆధారపడుతుంది, వేగం మీద కాదు. చుట్టుకు 100 సీసీల పంపు 2000 ఆర్‌పీఎంలో 200 లీటర్లు, 750లో 75 లీటర్లు ఇస్తుంది. అరిగి 30 లీటర్లు లోపలే పోతే మొదటి సందర్భంలో 170 మిగులుతాయి, తేడా తెలియదు. రెండో సందర్భంలో 45 మిగులుతాయి. 800 సీసీల ఆర్బిట్రాల్‌ను నిమిషానికి 60 చుట్ల వేగంతో తిప్పడానికి 48 కావాలి. ఆ మూడు లీటర్ల లోటే ఆపరేటర్ చేతికి బరువుగా తగులుతుంది.

బూమ్ ఎత్తుతూ తిప్పినప్పుడే బరువెక్కితే పంపు కాదు, ప్రయారిటీ వాల్వు, ఎల్‌ఎస్ గొట్టం చూడాలి.

మూడో దశ: ప్రెషర్ కొలవడం

పి లైను టెస్టు పాయింటులో 400 బార్ గేజ్ బిగించండి. చక్రాన్ని ఒక కొసకు తిప్పి, ఆగిన తర్వాత కూడా తిప్పే బలం వదలకుండా నాలుగైదు సెకన్లు మాత్రం పట్టి, అంకె రాసుకోండి. అంతకు మించి పడితే, ప్రెషర్ హద్దు దాటినప్పుడు ఆయిల్‌ను వదిలేసే రిలీఫ్ వాల్వు గుండా పోయే ఆయిల్ మరిగిపోతుంది. రెండో వైపు కూడా అలాగే చేసి, రెండు అంకెలనూ పుస్తకంలోని విలువతో పోల్చాలి. రెండు వైపులా సమానంగా తక్కువైతే లోపం రెంటికీ ఉమ్మడిగా ఉన్న చోట ఉంది: పంపు, ప్రయారిటీ వాల్వు, ప్రధాన రిలీఫ్ వాల్వు. ఒక వైపే తక్కువైతే, ఆ వైపు షాక్ వాల్వు కూర్చోవడం లేదు. టైరుకు తగిలే దెబ్బల నుంచి హోసులను కాపాడే ఈ షాక్ వాల్వులు ఎల్, ఆర్ దారుల్లో విడివిడిగా ఉంటాయి, ప్రధాన రిలీఫ్ కంటే ఎక్కువ ప్రెషర్‌కు బిగించి ఉంటాయి. పిస్టన్ సీల్ పోతే ప్రభావం మామూలుగా రెండు దిశల్లోనూ కనిపిస్తుంది కాబట్టి, ఒక వైపు లోపానికి సిలిండర్ విప్పడం వృథా శ్రమ.

రిలీఫ్ స్క్రూను బిగించి ప్రెషర్ పెంచేసే అలవాటు మానుకోవాలి. వాల్వు సీటు మీద చేరిన మురికి వల్ల ప్రెషర్ తగ్గి ఉంటే, స్క్రూ బిగించాక ఏదో ఒకరోజు ఆ మురికి కదిలిపోతుంది, అప్పుడు హోసు పగులుతుంది.

నాలుగో దశ: సిలిండరా, ఆర్బిట్రాలా

ప్రెషర్ బాగుండి చుట్లు ఎక్కువ వస్తుంటే, కొలిచాక ఆయిల్ తప్పిపోతోందని అర్థం. కొసకు తిప్పి స్థిరమైన బలంతో పట్టి ఉంచితే చక్రం నెమ్మదిగా జారుతూ తిరుగుతుంది. నిమిషానికి ఎన్ని చుట్ల వేగంతో జారుతోందో గమనించండి. తర్వాత యంత్రాన్ని నేరుగా చేసి, ఇంజిన్ ఆపి, లాక్ బార్ బిగించి, ప్రెషర్ దించి, ఆర్బిట్రాల్ దగ్గర ఎల్, ఆర్ హోసులను విప్పాలి. ఆ రెండు రంధ్రాలకు పూర్తి ప్రెషర్‌ను తట్టుకునే ఉక్కు ప్లగ్గులు బిగించి, విప్పిన హోసులకు శుభ్రమైన మూతలు పెట్టి, ఇంజిన్ వేసి చక్రాన్ని మళ్ళీ అదే బలంతో పట్టి చూడండి. జారడం దాదాపు ఆగిపోతే దోషి సిలిండరే. ముందులాగే జారుతుంటే జెరోటర్ అరిగింది, లేదా షాక్ వాల్వులు లీకవుతున్నాయి. సిలిండర్ అని తేలితే రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి ఇదే పద్ధతిలో వేరు చేసి, సీల్ కిట్ ఏ వైపుకు కావాలో నిర్ణయించుకోవచ్చు. రాడ్డు మీద గోరుతో గీసి చూడండి, గోరుకు తగిలే గీత ఉంటే కొత్త సీల్ కూడా ఎక్కువ రోజులు నిలవదు.

ఐదో దశ: విప్పడం, బిగించడం

హోసులు విప్పే ముందే రంగు టేపుతో గుర్తులు పెట్టాలి. ఆర్బిట్రాల్‌ను బయట, దుమ్ములో విప్పకూడదు. స్పూల్ మీద ఒక్క ఇసుక రేణువు గీత గీసినా అది జీవితాంతం లీకవుతుంది. పీచు రాలే గుడ్డలు వాడకుండా, భాగాలను శుభ్రమైన ఆయిల్‌తో తడిపి కూర్చాలి. అన్నిటికన్నా కీలకం కార్డాన్ షాఫ్టు, స్టార్ కలయిక. స్టార్‌లో రెండు పళ్ళ మధ్య ఉన్న లోతు భాగం షాఫ్టు చీలికకు పుస్తకం చూపిన విధంగా ఎదురుగా రావాలి. చీలిక దిశ షాఫ్టు కొసన పైకి కనిపించేలా విప్పేటప్పుడే మార్కరుతో గీత గీసుకుంటే గందరగోళం ఉండదు. ఒక్క పన్ను తప్పినా ఆయిల్ గదులూ, దారులూ వరస తప్పి, ఇంజిన్ వేసిన వెంటనే చక్రం మోటారులా తనంతట తాను తిరుగుతుంది. పి, టి లేదా సిలిండర్ హోసులు తారుమారైనా స్టీరింగ్ వింతగా ప్రవర్తిస్తుంది. అందుకే మరమ్మతు తర్వాత మొదటిసారి ఇంజిన్ వేసేటప్పుడు చక్రం చువ్వల మధ్య వేళ్ళు పెట్టకూడదు.

చక్రం నడిమధ్యకు రాకుండా, వదిలిన తర్వాత కూడా యంత్రం కొంచెం మడుస్తూ పోతుంటే బద్ద స్ప్రింగులు విరిగాయా, కాలమ్ స్పూల్ మీద అదిమిపెట్టి బిగుసుకుందా అని చూడాలి. కాలమ్ బోల్టులు వదులు చేయగానే లోపం మాయమైతే వాల్వు జోలికి పోనక్కర్లేదు, కాలమ్‌ను సరైన వరసలో మళ్ళీ బిగిస్తే చాలు.

ఆరో దశ: గాలి తీయడం, తుది పరీక్ష

ట్యాంకును గుర్తు దాకా నింపి, ఇంజిన్‌ను ఐడిల్‌లో వేసి, చక్రాన్ని ముందు కొద్ది కొద్దిగా, తర్వాత కొసల దాకా, నెమ్మదిగా అటూ ఇటూ తిప్పాలి. కొసకు చేరగానే ఆపాలి, అక్కడ గట్టిగా అదిమి పట్టకూడదు. ఆయిల్ మట్టం తగ్గినప్పుడల్లా నింపుతూ, నురగ కనిపిస్తే ఇంజిన్ ఆపి అది అణిగేదాకా ఆగాలి. కుదుపు, గరగర శబ్దం పోయాక చుట్లు మళ్ళీ లెక్కపెట్టి, రెండు కొసల ప్రెషర్‌నూ మళ్ళీ రాసి, యంత్రం చిట్టాలో తేదీ, పని గంటలతో పాటు నమోదు చేయాలి. తర్వాత జనం లేని మైదానంలో ఖాళీ బకెట్‌తో తక్కువ వేగంలో ఎనిమిది అంకె ఆకారంలో నడిపి, బూమ్ ఎత్తుతూ తిప్పి, చివరగా యంత్రాన్ని నిలిపి ఇంజిన్ ఆపి, బ్యాటరీతో నడిచే అత్యవసర పంపు ఉంటే దాన్ని పనిచేయించి టైర్లు కదులుతున్నాయో లేదో చూడాలి. హోసుల బిగింపులన్నింటినీ మొదటి షిఫ్టు ముగిశాక, ఆయిల్ చల్లబడ్డాక, మరోసారి తుడిచి తడి కోసం పరిశీలించి, అప్పుడు యంత్రాన్ని బరువు పనికి పంపవచ్చు.